పిల్లలను అమ్ముకోవలసి వచ్చిన ప్రాంతంలో స్విఫ్ట్ వ్యాసాన్ని ఎలా బోధించాలి?

నల్లగొండ అధ్యాపకుడు:

సభ్యులందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో ఆంగ్ల సాహిత్యం బోధిస్తున్నాను. చాలా ఏళ్లుగా తరగతిలో చెబుతున్న ఒక పాఠం గురించి ఈ మధ్య నాకు కలిగిన సందేహాన్ని మీ ముందు పెడుతున్నాను.

ఐర్లండు రచయిత జోనాథన్ స్విఫ్ట్ 1729లో డబ్లిన్ నగరంలో ఒక చిన్న కరపత్రం ప్రచురించాడు. ‘ఒక వినయపూర్వకమైన ప్రతిపాదన’ అని దాని శీర్షికకు అర్థం. ఐర్లండులో పేదల పిల్లలు తల్లిదండ్రులకు, దేశానికి భారం కాకుండా ఉండాలంటే ఏం చేయాలో అందులో ఒక పెద్దమనిషి లెక్కలు వేసి చెబుతాడు. ఏటా పేదల ఇళ్లలో 1,20,000 మంది పిల్లలు పుడుతున్నారని, వారిలో 20,000 మందిని సంతానవృద్ధికి ఉంచి, మిగిలిన లక్ష మందిని ఏడాది నిండగానే కలవారికి మాంసంగా అమ్మవచ్చని, బిడ్డను సాకడానికి ఏడాదికి రెండు షిల్లింగులు అవుతుండగా అమ్మితే పది షిల్లింగులు వస్తాయని ఎక్కడా తొణకకుండా వివరిస్తాడు. చదువుతున్నవారికి ఒళ్లు జలదరిస్తుంది. ఆ జలదరింపే రచయిత కోరుకున్నది. పేదలను మనుషులుగా చూడకుండా తలల లెక్కగా చూసే పాలకుల భాషను అతడు చివరిదాకా లాగి చూపించాడు.

ఈ ఏడాది ఆ పాఠం చెబుతున్నప్పుడు కొందరు విద్యార్థులు నవ్వారు. వ్యంగ్యం అర్థమైనందుకు నేను సంతోషించాను. తరగతి అయిపోయాక దేవరకొండ వైపు తండా నుంచి వచ్చే ఒక విద్యార్థిని నా దగ్గర నిలబడి, “సార్, మా దిక్కు పిల్లలను నిజంగనే అమ్మిండ్రు. దీంట్ల నవ్వేది ఏమున్నది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. 1999లోనూ, మళ్లీ 2001లోనూ దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల ఆడశిశువులు దత్తత పేరుతో చేతులు మారిన సంగతి దేశమంతటి పత్రికలలో వచ్చింది. అప్పుడు నేను కూడా ఆ వార్తలు చదివాను. అయినప్పటికీ ఇన్నేళ్లలో ఈ పాఠానికీ మన జిల్లాకూ ఉన్న సంబంధం నాకు తట్టకపోవడం నన్ను ఎక్కువగా బాధిస్తున్నది.

ఊహించడానికి కూడా వీలులేని ఘోరమని రచయిత అనుకున్నది చదివేవారి ఊరిలోనే జరిగి ఉంటే, ఆ వ్యంగ్యం అక్కడ పనిచేస్తుందా? మన ప్రాంతంలో పేదరికం మీద, అన్యాయం మీద వ్యంగ్యం ఏ రూపంలో ఉండేది? తెలిసినవారు చెప్పగలరు.

గద్వాల చదువరి:

సార్, ఆ విద్యార్థిని అడిగినది సరైన ప్రశ్న. అయితే వ్యాసాన్ని పక్కన పెట్టడం జవాబు కాదని నా అభిప్రాయం. దానిని ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నామన్నది ముఖ్యం.

స్విఫ్ట్ ఒక్కసారిగా వ్యంగ్యానికి దిగలేదు. ఐర్లండు ప్రజలు సొంత నేలపై తయారైన వస్త్రాలనే వాడాలని 1720లోనే సూటిగా రాశాడు. దానిని అచ్చువేసినవాడి మీద ప్రభుత్వం కేసు పెట్టింది. 1724లో నాసిరకం రాగి నాణేలను ఐర్లండు మీద రుద్దబోతే ఒక బట్టల వర్తకుడి పేరుతో లేఖలు రాశాడు. ఆ రచయిత ఎవరో చెప్పినవారికి మూడు వందల పౌన్ల బహుమానం ప్రకటించారు. ఇంగ్లండు పెత్తనం కింద ఉన్న ఐర్లండు నుంచి ఉన్ని బట్టల ఎగుమతిని ఇంగ్లండు చట్టం 1699 నుంచే అడ్డుకుంటున్నది. భూస్వాములలో ఎంతోమంది కౌలు సొమ్ము ఐర్లండులో వసూలు చేసుకొని లండన్‌లో ఖర్చు పెట్టుకునేవారు. దానికి తోడు 1720ల చివర వరుసగా పంటలు పోయాయి. తొమ్మిదేళ్లు విన్నవించి, వాదించి, ఎవరూ వినకపోయిన తర్వాత వచ్చిన రచన అది.

వ్యాసం చివరలో ఒక పేరా ఉన్నది. ఊరిలో లేని భూస్వాములపై పౌనుకు ఐదు షిల్లింగుల పన్ను వేయమని, స్వదేశీ వస్తువులే వాడమని, కౌలుదారులపై కాస్తయినా దయ చూపమని ఎవరూ తనకు చెప్పవద్దని ఆ పెద్దమనిషి విసుక్కుంటాడు. రచయిత నిజంగా కోరుకున్న పరిష్కారాలన్నీ అవే. పాఠాన్ని ఆ పేరాతో మొదలుపెట్టి చూడండి. న్యాయమైన కోరికల పట్టిక ముందు చదివి, వాటిలో ఒక్కటీ జరగలేదని తెలిసిన తర్వాత మొదటి పేజీకి వస్తే ఎవరికీ నవ్వు రాదని నా నమ్మకం.

ఇంకొక్క మాట. భూస్వాములు తల్లిదండ్రులను ఇప్పటికే చాలామటుకు తినేశారు కనుక పిల్లల మీద హక్కు కూడా వారికే ఎక్కువ అని అందులో ఒక వాక్యం వస్తుంది. మన భాషలో లంచం ‘తింటారు’, చెరువు శిఖం భూమి ‘మింగుతారు’, కూలివాడి నెత్తురు ‘తాగుతారు’. స్విఫ్ట్ చేసిందల్లా అటువంటి మాటను అక్షరాలా తీసుకొని పళ్లెంలో పెట్టడమే. తెలుగు మాటల నుంచి మొదలుపెడితే ఆంగ్లం తడబడే పిల్లలకు కూడా ఇది వెంటనే అందుతుంది.

దేవరకొండ తండా బిడ్డ:

నేను ఆ తండాలలో పుట్టి పెరిగి, ప్రస్తుతం ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. ముందుగా ఒక మాట. చర్చ శీర్షికలో ‘అమ్ముకోవలసి వచ్చిన’ అని రాసినందుకు అధ్యాపకులకు కృతజ్ఞతలు. చాలామంది ‘అమ్ముకునే తండాలు’ అని రాస్తారు. ఆ ఒక్క మాట తేడాతో నేరం తల్లి మీద పడుతుంది.

మా పెద్దల కాలంలో పెళ్లికొడుకు తరఫువారు అమ్మాయి ఇంటికి ఓలి ఇచ్చేవారు. అది పోయి కట్నం వచ్చింది. నీళ్లు లేని పొలాలు, పడని బోర్లు, వడ్డీకి తెచ్చిన అప్పు ఉన్న ఇంట్లో మూడవ ఆడబిడ్డ పుట్టినప్పుడు ఆ తల్లి ఏ స్థితిలో ఉంటుందో బయటివారికి అర్థం కావడం కష్టం. ఆ సమయంలో ఒక మధ్యవర్తి వచ్చి, బిడ్డ మంచి ఇంటికి పోతుందని, కడుపునిండా తింటుందని చెప్పేవాడు. తల్లి చేతిలో పడినది చాలా కొద్ది. బిడ్డ దేశం దాటేటప్పటికి పెద్ద సొమ్ము చేతులు మారేది. ఆ రోజులలో మా తండాలకు కెమెరాలు వచ్చాయి, తల్లుల ముఖాలు పత్రికలలో పడ్డాయి. సొమ్ము చేసుకున్నవారి ముఖాలు అంతగా పడలేదు.

అందుచేత నా అభిప్రాయం ఇది. వ్యంగ్యం రాసేవారు మధ్యవర్తిని పట్టుకోవాలి, అతడి మాటతీరును పట్టుకోవాలి. “బిడ్డకు మంచిదే కదమ్మా” అనే ఆ తీయని గొంతు స్విఫ్ట్ వ్యాసంలోని పెద్దమనిషి గొంతుకు చాలా దగ్గరగా ఉన్నది. తనకు ఇందులో పైసా లాభం లేదని, తన చిన్న కొడుక్కు తొమ్మిదేళ్లు నిండాయని, భార్యకు కాన్పుల వయసు దాటిందని ఆ పెద్దమనిషి చివర చెప్పుకుంటాడు. నేను ఆ వాక్యం చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మా తండాలకు వచ్చినవారు కూడా తమకు ఏ లాభమూ లేదనే చెప్పారు.

ఆ విద్యార్థినిని మాత్రం తరగతిలో నిలబెట్టి అభిప్రాయం చెప్పమని అడగవద్దు సార్. ఆమె తన ఊరికి సాక్ష్యం చెప్పడానికి కళాశాలకు రాలేదు.

కల్వకుర్తి కళాభిమాని:

మన ప్రాంతంలో వ్యంగ్యం ఏ రూపంలో ఉండేదని అధ్యాపకులు అడిగారు. నాకు తెలిసినంతలో పిట్టల దొర అనే సంచార వేషగాడి గురించి చెప్పాలి. కొందరు తుపాకి రాముడు అని కూడా అంటారు. నా చిన్నతనంలో పంటలు ఇంటికి వచ్చే రోజులలో మా ఊరికి ఒక పెద్దాయన వచ్చేవాడు. అతుకులు వేసిన ఖాకీ కోటు, కురచ లాగు, నెత్తిన దొరల టోపీ, భుజాన కట్టె తుపాకీ. అరుగు ముందు నిలబడి తన ఆస్తిపాస్తుల వర్ణన మొదలుపెట్టేవాడు. తనకు వందల ఎకరాల మాగాణి ఉన్నదని, అయితే అది చెరువు నడిమధ్యన ఉన్నదని చెప్పేవాడు. తన బిడ్డ పెండ్లికి ఊరంతటికీ పిలుపు ఇచ్చి, వచ్చేవారు ఎవరి బియ్యం వారు, ఎవరి పప్పు వారు తెచ్చుకోవాలని ఆజ్ఞ వేసేవాడు. పట్వారీని పిలిచి లెక్క అడిగేవాడు, కనబడని నౌకర్ల మీద కేకలు వేసేవాడు. పిల్లలం కడుపుబ్బ నవ్వేవాళ్లం. చివరకు చేయి చాచి ఒక చేటెడు జొన్నలు అడిగేవాడు.

చాలా ఏళ్ల తర్వాత గాని ఆ వేషంలో ఉన్నది నాకు పూర్తిగా అర్థం కాలేదు. దొర ఉండే కోటలాంటి గడీ ముందు నుంచి నడిచేటప్పుడు చెప్పులు చేతబట్టుకొని, తలగుడ్డ తీసి నడవవలసిన కాలం అది. ‘బాంచన్ దొరా, నీ కాల్మొక్త’ తప్ప వేరే మాట నోటికి రాకూడని ఊళ్లలో, భూమి లేని ఒక సంచార కళాకారుడు దొర టోపీ పెట్టుకొని, దొర గొంతుతో, దొర గొప్పలనే నడివీధిలో పలికాడు. పెండ్లి పిలుపు మాట ఊరికే నవ్వించడానికి పెట్టినది కాదు. దొర ఇంట శుభకార్యమైతే ఊరిలోని ప్రతి వృత్తివారూ తమ వస్తువు, తమ చాకిరి ఉచితంగా ఇవ్వవలసిన వెట్టి ఉండేది. కుండలు, చెప్పులు, కల్లు, గొర్రెలు, అన్నీ జనానివే, పెండ్లి మాత్రం దొరది. ఎవరి బియ్యం వారు తెచ్చుకోవాలన్న మాటలో ఆ వెట్టి అంతా ఉన్నది. వినేవారికి అది తెలుసు, అందుకే నవ్వారు. ఒంటి మీద చిరుగుల కోటు ఉన్నందువల్ల అతడిని శిక్షించడం కూడా దొర స్థాయికి తక్కువ అయ్యేది.

నాకు బాధ కలిగించే విషయం ఇంకొకటి. తర్వాతి కాలంలో అదే వేషం నవ్వుల కార్యక్రమాలకు వెళ్లింది. అక్కడ దొర మాయమై, చిరుగుల కోటు మిగిలింది. మన యాస మాట్లాడే పేదవాడు కనిపించగానే నవ్వాలనే అలవాటు ఎంతో కాలం తెలుగు సినిమాలలో నడిచింది. దొరను చూసి నవ్విన కళను తీసుకొని, దానిని ఆడినవాడిని చూసి నవ్వడం నేర్పారు. ఆ తరగతిలో కొందరు నవ్వినది ఏ నవ్వో తెలుసుకోవడం చాలా అవసరమని అందుకే అంటున్నాను.

నారాయణపేట వాసి:

పెద్దలు మన్నించాలి, నేను కొంత భిన్నంగా ఆలోచిస్తున్నాను. మా నాన్న ముప్పై ఏళ్లు బొంబాయిలో మట్టి పని చేశాడు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, ఎక్కడ తవ్వకం ఉంటే అక్కడ మా మహబూబ్‌నగర్ వైపు కూలీలకు ‘పాలమూరు లేబర్’ అన్న పేరు ఉండేది. ఆ పేరులో మెచ్చుకోలు కన్నా చులకన ఎక్కువగా ఉండేది. పిట్టల దొరను చూసి మా తాత నవ్వాడు, మరుసటి రోజు మళ్లీ వెట్టికి వెళ్లాడు. స్విఫ్ట్ వ్యాసం చదివిన కలవారు మెచ్చుకున్నారేమో గాని, పదేళ్లు తిరగగానే 1740-41లో ఐర్లండులో భయంకరమైన కరువు వచ్చి లక్షల మంది చనిపోయారు. అంతేకాదు, అదే స్విఫ్ట్ 1737లో డబ్లిన్ బిచ్చగాళ్లకు బిళ్లలు తగిలించి, బయటి ఊళ్ల బిచ్చగాళ్లను తరిమివేయాలని సీరియస్‌గా రాశాడు. అతడు పెద్ద చర్చికి అధిపతి, పాలక మతానికి చెందినవాడు. ఆకలితో ఉన్నవారిలో ఎక్కువమంది వేరే మతంవారు. పేదల తరఫున కోపం ఉండటం, పేదలలో ఒకడిగా ఉండటం ఒకటి కావు. నవ్వు వల్ల ఎవరి కూలి పెరిగింది, ఎవరి అప్పు తీరింది అన్నది నా ప్రశ్న.

మర్రిగూడ రైతు:

నారాయణపేట తమ్ముడి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేను. నేను చూసిన ఒక సంగతి మాత్రం చెబుతాను.

మా మండలంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు చేతులు వంకరపోయినవారు ఇంటింటా ఉండేవారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు పెట్టారు. జిల్లా పేరు పాఠ్యపుస్తకాలకు ఎక్కింది గాని, జిల్లాకు మంచినీళ్లు రాలేదు. కృష్ణా నది మా జిల్లా అంచునే పారుతుంది. విన్నపాలు, ధర్నాలు, పాదయాత్రలు అన్నీ అయిన తర్వాత, 1996 లోక్‌సభ ఎన్నికలలో జల సాధన సమితి పిలుపు మీద వందలాది మంది నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది అభ్యర్థులు నిలిచారు. అంతమంది గుర్తులతో బ్యాలెట్ పత్రం ఒక పుస్తకమంత అయింది. పోలింగును వాయిదా వేయవలసి వచ్చింది.

ఇది రచన కాకపోవచ్చు. అయినా నా దృష్టిలో ఈ జిల్లా చేసిన అతి పెద్ద వ్యంగ్యం ఇదే. ‘మీకు ఓటు ఉన్నది, పోటీ చేసే హక్కు ఉన్నది’ అని చెప్పే వ్యవస్థ మాటను మా వాళ్లు అక్షరాలా నమ్మినట్లు ప్రవర్తించారు. ఎవరినీ తిట్టలేదు, ఏ నియమమూ తప్పలేదు. పిట్టల దొర టోపీ పెట్టుకున్నట్లే వీరు అభ్యర్థి కండువా వేసుకున్నారు. దేశమంతా మా నీళ్ల గురించి తెలుసుకున్నది. అదే ఎన్నికలలో తమిళనాడులోని ఒక శాసనసభ స్థానంలో వెయ్యి మందికి పైగా రైతులు నిలబడ్డారు.

దానికి వచ్చిన జవాబు కూడా చెప్పాలి. అదే ఏడాది చట్టం సవరించి, లోక్‌సభకు పోటీ చేసేవారి ధరావతును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. తర్వాత తర్వాత మా ఊళ్లకు నది నీళ్లు వచ్చాయి. నామినేషన్లు వేసినందువల్లనే వచ్చాయని నేను అనను. ఆ పోరాటం లేకుండా వచ్చేవని కూడా అనను. అయితే పేదవాడు పోటీలో నిలబడటానికి కట్టవలసిన ధర ఇరవై రెట్లు పెరిగింది, అది మళ్లీ తగ్గలేదు. వ్యంగ్యానికి ప్రభుత్వం భయపడినప్పుడు ఏ తలుపు మూస్తుందో చూడండి.

గద్వాల చదువరి:

రైతు అన్న చెప్పిన సంగతికి తోడుగా రెండు మాటలు. నిజాం పాలనలో సూటిగా రాస్తే పత్రిక మూతపడే రోజులలో, మా ప్రాంతంలోనే పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టి, అధికారుల దౌర్జన్యాలను కథలలోనూ వ్యాసాలలోనూ నవ్వు కలిపి బయటపెట్టారు. సుద్దాల హనుమంతు గారు గొర్రెల కాపరుల గొల్లసుద్దులను తీసుకొని తెలంగాణ రైతాంగ ఉద్యమ ప్రచారానికి మలిచారు. గొల్లసుద్దులలో ఒకరు కథ చెబుతుంటే పక్కవారు ఏమీ తెలియనట్లు ప్రశ్నలు అడుగుతారు. దొరకు ఇన్ని వేల ఎకరాలు ఎట్లా వచ్చాయని అమాయకంగా అడిగిన ప్రశ్నకు కథకుడు జవాబు చెప్పవలసి వస్తుంది. అక్కడ విన్నవారు ఆ తర్వాత సంఘంలో చేరారు. నవ్వు ఒంటరిగా కూలి పెంచదు, అది నిజమే. దాని వెనుక సంఘం ఉన్నదా లేదా అన్నది చూడాలి.

నల్లగొండ అధ్యాపకుడు:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన ప్రకారం గత వారం ఆ పాఠాన్ని మళ్లీ మొదలుపెట్టాను. ముందు పరిష్కారాల పేరా చదివించాను. తర్వాత ‘తినడం’, ‘మింగడం’ అన్న మాటలతో తెలుగులో ఎన్ని నుడికారాలు ఉన్నాయో బోర్డు మీద రాయమన్నాను. బోర్డు నిండిపోయింది. ఈసారి వ్యాసం చదువుతున్నప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత తమ ఊరిలోని ఒక అన్యాయం గురించి, దానిని నడిపించేవాడి గొంతుతోనే ఒక పేజీ రాసుకురమ్మని, ఇష్టం లేనివారు రాయనక్కరలేదని చెప్పాను. మక్తల్ వైపు నుంచి వచ్చి హాస్టల్‌లో ఉంటున్న ఒక విద్యార్థి, కూలీలను కుదిర్చి దూరపు పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ నోటుబుక్కును రాశాడు. మొదటి వరుసలో మనుషుల పేర్లు లేవు, జోడీల సంఖ్య ఉన్నది. భార్యాభర్తలు ఒక జోడీ. అడ్వాన్సు ఇంత, బస్సు ఛార్జీ ఇంత, జ్వరం వచ్చిన రోజుల కోత ఇంత. ఒక జోడీకి నెల నడుమ బిడ్డ పుడితే ‘సగం జోడీ’ అని రాసి కూలి సగం చేశాడు. ఇంకో చోట ముసలితల్లి చనిపోయి ఊరికి వెళ్లినవారి పేరున మళ్లీ అడ్వాన్సు పెరిగింది, దాని పక్కన ‘వచ్చే ఏడు కూడా మనవాడే’ అని ఉన్నది. పేజీ అంతటా ఒక్క తిట్టు లేదు, ఒక్క కన్నీటి మాట లేదు. ఆ అబ్బాయి చదివి కూర్చున్న తర్వాత తరగతిలో ఎవరూ కదలలేదు. ఆ నోటుబుక్కును ఎక్కడ చూశావని అడిగితే, అటువంటిది ఒకటి తమ ఇంటి దూలంలో దోపి ఉండేదని చెప్పాడు.

దానిని కళాశాల వార్షికోత్సవంలో చదివించాలని నేను కోరాను. అతిథులు నొచ్చుకుంటారని అనుమతి రాలేదు. నాకు చాలా బాధ కలిగింది, ఆ బాధను ఇక్కడ దాచుకోను.

తండా విద్యార్థిని ఏమీ రాయలేదు. ఉపాధ్యాయురాలు చెప్పిన మాట గుర్తుంచుకొని నేను అడగలేదు.

నారాయణపేట వాసి:

సార్, ‘సగం జోడీ’ దగ్గర నేను చదవడం ఆపవలసి వచ్చింది. మా అమ్మ నన్ను కన్నప్పుడు పనిలోనే ఉన్నది.

పీర్ల పండుగకు బొంబాయి, పుణె వెళ్లిన మా వాళ్లందరూ ఊరికి వస్తారు. పీర్ల ముందు వేసే నిప్పుల గుండం, అలావా దగ్గర రాత్రంతా జనం ఉంటారు. ఆ పేజీని అక్కడ చదవడానికి ఆ తమ్ముడు ఒప్పుకుంటాడా? వినేవారిలో మేస్త్రీలు కూడా ఉంటారని ముందే చెప్పండి. మా సంఘం వాళ్లం పక్కనే ఉంటాము.

నల్లగొండ అధ్యాపకుడు:

అడిగాను. తానే వచ్చి చదువుతానని చెప్పాడు. గొల్లసుద్దులలో లాగా పక్కన నిలబడి ప్రశ్నలు అడిగేవారు ఒకరు కావాలన్నాడు. ఆ పనికి తండా విద్యార్థిని తానుగా ముందుకు వచ్చింది. ఏ ప్రశ్నలు అడగాలో తానే రాసుకుంటానని, నన్ను దిద్దవద్దని చెప్పింది.